చుక్క గుండ్రంగా రావాలంటే: ఆటోగైడింగ్‌ను దారికి తెచ్చుకునే పద్ధతి

టెలిస్కోప్‌కు తగిలించిన కెమెరాలో మూడు నిమిషాల ఎక్స్‌పోజర్ పూర్తయింది. బొమ్మను పెద్దది చేసి చూస్తే నక్షత్రాలన్నీ బియ్యపు గింజల్లా సాగి ఉన్నాయి, అన్నీ ఒకే వైపుకు. టెలిస్కోప్‌ను తిప్పే మౌంట్ తప్పులను ఇంకొక చిన్న కెమెరాతో కనిపెట్టి సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దించడమే ఆటోగైడింగ్. దాని గ్రాఫ్ మాత్రం అంతసేపూ బుద్ధిగానే నడిచింది. ఇలాంటప్పుడు మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ తెరిచి కనిపించిన ప్రతి అంకెనూ మార్చి చూస్తారు. నేను ఒక చలికాలమంతా అదే పనిలో ఉన్నాను. ఆఖరికి దొంగ దొరికాడు: గైడ్ స్కోప్‌ను, అంటే ఆ చిన్న కెమెరాను తగిలించిన చిన్న టెలిస్కోప్‌ను, పట్టి ఉంచే మరల్లో ఒకటి వదులుగా ఉంది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న వరస ఇది: ముందు లెక్క, తర్వాత ఇనుము, ఆ తర్వాత ధ్రువం (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిగ్గా గురిపెట్టడం), అన్నిటికన్నా చివర సాఫ్ట్‌వేర్. మీరూ ఈ వరస తప్పకండి. గైడింగ్ సరిదిద్దగలిగేది నెమ్మదిగా పేరుకునే తప్పులనే. ఊగే ట్రైపాడ్‌ను, గాలికి లాగే తీగను, వణికే గాలిపొరను అది సరిదిద్దలేదు. సరిదిద్దబోతే ఇంకా పాడు చేస్తుంది.

ఇక్కడ చెప్పే ఉదాహరణలన్నీ ఒక మామూలు అమరికవి. స్కై-వాచర్ హెచ్‌ఈక్యూ5 తరహా మౌంట్, 420 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్), 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న ప్రధాన కెమెరా, 120 మిల్లీమీటర్ల గైడ్ స్కోప్, దానికి 3.75 మైక్రాన్ల మోనో గైడ్ కెమెరా, ల్యాప్‌టాప్‌లో పిహెచ్‌డి2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఏఎస్ఐఎయిర్ వంటి పెట్టె వాడేవారికి బొత్తాల పేర్లు మారతాయి గానీ చేయవలసిన పని ఇదే.

మౌంట్ ఎందుకు తప్పుతుంది

భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. ఆ లెక్కన ఆకాశం సెకనుకు సుమారు 15 వికలలు జరుగుతుంది. వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు. పంచాంగం తిరగేసేవారికి తెలిసిన మాటే ఇది; సాఫ్ట్‌వేర్‌లో ఆర్క్‌సెకను అని కనిపిస్తుంది. అరవై వికలలు ఒక కళ.

ఈ కదలికకు సరిగ్గా ఎదురు తిరగడమే మౌంట్ పని. ఆ తిప్పుడు వార్మ్ అనే మరచుట్ల కడ్డీ నుంచి ఒక పళ్ళచక్రానికి అందుతుంది. హెచ్‌ఈక్యూ5లో ఆ చక్రానికి 135 పళ్ళు. అంటే వార్మ్ ఒక చుట్టు తిరగడానికి 638 సెకన్లు పడుతుంది. ఈక్యూ6లో 180 పళ్ళు, కాబట్టి 479 సెకన్లు. వార్మ్ వెంట్రుకవాసి వంకరగా ఉన్నా, ఆ వంకర ప్రతి చుట్టులోనూ ఒకసారి బయటపడుతుంది. దీన్నే పీరియాడిక్ ఎర్రర్ అంటారు. ఈ ధరలో దొరికే మౌంట్లలో ఆ ఊగులాట ఇరవై ముప్పై వికలలు ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. మన అమరికలో 20 వికలలంటే దాదాపు 11 పిక్సెళ్ళు. బియ్యపు గింజల పుట్టుక ఇక్కడే.

పరిష్కారం పాతదే. ఇంకొక దూరదర్శినితో ఒక నక్షత్రాన్ని కనిపెట్టి ఉండి, అది జరిగిన ప్రతిసారీ మౌంట్‌ను వెనక్కి తేవాలి. 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల కూడా వాటా తీసుకుంది. దక్షిణ క్రాంతి, అంటే ఆకాశపు దక్షిణ అక్షాంశం, 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ దాని వంతు. ఆ రోజుల్లో గాజు పలకల మీద ఫొటో తీసేటప్పుడు ఎవరో ఒకరు గైడ్ దూరదర్శినికి కన్ను ఆనించి, అడ్డగీతల కూడలి నుంచి చుక్క జారకుండా చేత్తో సర్దుతూ కూర్చునేవారు. ఇప్పుడు ఆ కంటి బదులు కెమెరా, ఆ చేతి బదులు మోటారు. ఓపిక మాత్రం మనదే.

మొదటి అడుగు: మీకు ఎంత కచ్చితత్వం కావాలో లెక్క వేయండి

పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206.265తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించండి. ఒక్కో పిక్సెల్ ఎన్ని వికలల ఆకాశాన్ని చూస్తుందో వస్తుంది. మన ప్రధాన కెమెరాకు 206.265 × 3.76 ÷ 420, అంటే 1.85 వికలలు. గైడ్ కెమెరాకు 206.265 × 3.75 ÷ 120, అంటే 6.4 వికలలు.

గైడ్ పిక్సెల్ ఇంత పెద్దదైతే ఎలా అని కంగారు పడకండి. చుక్క వెలుగు కొన్ని పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది కాబట్టి, దాని నడిబొడ్డును సాఫ్ట్‌వేర్ పిక్సెల్‌లో పదో వంతు వరకు పసిగడుతుంది. స్థూలంగా గుర్తుంచుకోవలసింది ఒకటే: గైడ్ వైపు అంకె ప్రధాన కెమెరా అంకెకు నాలుగైదు రెట్లు మించకూడదు. మనది మూడున్నర రెట్లు. ఇదే గైడ్ స్కోప్‌ను రేపు 1,500 మిల్లీమీటర్ల టెలిస్కోప్ మీద పెడితే మాత్రం చాలదు.

గైడింగ్ ఎంత బాగుందో చెప్పే కొలత ఆర్‌ఎంఎస్. అది మీ ప్రధాన కెమెరా అంకెలో సగం దగ్గర ఉంటే చాలు. మనకు 0.9 వికల. 0.5 సాధించాలని రాత్రంతా పెనుగులాడేవారి కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక్కో అక్షానికి ఆర్‌ఎంఎస్ 0.8 ఉంటే దాని వల్ల చుక్కకు వచ్చే వెడల్పు 1.9 వికలలు. ఆ రాత్రి గాలి వణుకు వల్ల చుక్క ఎలాగూ 3 వికలలు ఉందనుకుందాం. ఈ రెండూ నేరుగా కూడవు. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. మొత్తం 3.5 వస్తుంది. ఆర్‌ఎంఎస్‌ను కష్టపడి 0.5కు దింపితే మొత్తం 3.2. ఆ తేడా కోసం మంచి రాత్రిలో మూడు గంటలు పోగొట్టుకోవాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. దీనికన్నా ముఖ్యం రెండు అక్షాల ఆర్‌ఎంఎస్ దగ్గరదగ్గరగా ఉండడం. రెండూ 0.9 అయితే చుక్క కాస్త లావుగా వచ్చినా గుండ్రంగా వస్తుంది. ఒకటి 0.4, ఇంకొకటి 1.2 అయితే కోడిగుడ్డే.

రెండో అడుగు: ఇనుము

ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా సాగదీయకండి. నిలబడి కంటితో చూసే పని లేదు కదా, ఎత్తు ఎందుకు? కాళ్ళ మరలన్నీ బిగించి, మధ్య పళ్ళెం కూడా బిగించండి. మట్టి నేల అయితే ప్రతి కాలి కింద ఒక రాతి పలక గానీ గట్టి చెక్క గానీ పెట్టండి. మంచు పడే రాత్రి నేల మెత్తబడి ఒక కాలు కుంగితే ధ్రువం సవరింపు గల్లంతవుతుంది.

మేడ మీద పెట్టుకునేవారికి రెండు శత్రువులు. మొదటిది శ్లాబు. పగలంతా తాగిన ఎండను రాత్రి తొమ్మిది పది దాకా కక్కుతూనే ఉంటుంది. అంతవరకు గ్రాఫ్ గజిబిజిగానే ఉంటుంది. రెండోది నీళ్ళ మోటారు. కింద ఎవరో మోటారు వేయగానే గ్రాఫ్ ఎగిరిపడడం నేను కళ్ళారా చూశాను. ట్రైపాడ్‌ను శ్లాబు నడుమ కాకుండా దూలం మీద, వీలైతే కింద స్తంభం ఉన్న మూల పెట్టండి. మీరు మాత్రం దాని చుట్టూ పచార్లు చేయకండి.

ఇక తూకం. డెక్ అక్షాన్ని, అంటే ఉత్తర దక్షిణాల వైపు తిరిగే అక్షాన్ని, కెమెరాలు, తీగలు, మంచు తొడుగు అన్నీ తగిలించాకే తూచండి. ఫోకస్ కూడా సుమారుగా కుదిర్చాకే తూచండి, ఎందుకంటే ఫోకసర్ బయటికి వచ్చిన కొద్దీ బరువు జరుగుతుంది. తూర్పు పడమరల వైపు తిరిగే ఆర్‌ఏ అక్షాన్ని మాత్రం సరిగ్గా సమంగా ఉంచవద్దు. తూర్పు వైపు పిసరంత బరువు ఎక్కువ ఉంచండి. అప్పుడు పళ్ళు ఎప్పుడూ ఒకవైపే ఆనుకుని ఉంటాయి, మధ్యలో తేలవు. మెరిడియన్ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దాటి టెలిస్కోప్ అటు తిరిగాక తూర్పు మారిపోతుంది కాబట్టి ఆ పిసరు కూడా మార్చాలి.

తీగల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేలాడే ఒక్క యూఎస్‌బీ తీగ చాలు, ట్రైపాడ్ బొల్టుకు తట్టుకుని చుక్కను ఐదారు వికలలు లాగేస్తుంది. అన్నిటినీ ఒక కట్టగా కట్టి, మౌంట్ మధ్య భాగానికి ఆనించి, అక్కడి నుంచి కిందికి వదలండి. మౌంట్‌ను చేత్తో నాలుగు వైపులా తిప్పి చూసి, ఎక్కడా లాగడం లేదని తేలాకే కరెంటు ఇవ్వండి.

గైడ్ స్కోప్ బిగింపు అన్నిటికన్నా ముఖ్యం. వేళ్ళతో తిప్పే ఆరు మరలతో పట్టుకునే రింగులు ఫైండర్‌కు బాగుంటాయి, గైడింగ్‌కు పనికిరావు. గైడ్ స్కోప్ ఎటు చూస్తోందన్నది పెద్ద విషయం కాదు. ప్రధాన టెలిస్కోప్ చూసే చోటే చూడనక్కరలేదు కూడా. అది కదలకుండా ఉండడమే ముఖ్యం. చుట్టూ పూర్తిగా బిగిసే రింగులు వాడండి. గైడ్ కెమెరాను చేత్తో పట్టి మెల్లగా ఊపి చూడండి. చేతికి తెలిసేంత కదలిక ఉంటే అది ఆకాశంలో వందల వికలలని గుర్తు.

మూడో అడుగు: 17 డిగ్రీల ఎత్తున ధ్రువ నక్షత్రం

విదేశీ పాఠాల్లో ధ్రువం సవరించడం చిటికెలో అయిపోతుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్ళకు ధ్రువ నక్షత్రం 33 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అది 17, విజయవాడలో 16, తిరుపతిలో 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎదురు అపార్ట్‌మెంటు, వేపచెట్టు, ఊరి మీది దుమ్ము అన్నీ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. పెళ్లిలో పట్టపగలు అరుంధతిని చూపించినప్పుడు తల ఊపినట్టు, అదిగో ధ్రువుడు అనుకుని సరిపెట్టుకుంటే ఇక్కడ కుదరదు.

ఇంకా రెండు చిక్కులు ఉన్నాయి. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు; 0.6 డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో తిరుగుతూ ఉంటుంది. పైగా 17 డిగ్రీల ఎత్తులో గాలిపొర వెలుగును వంచి నక్షత్రాన్ని సుమారు 3 కళలు పైకెత్తి చూపిస్తుంది. అందువల్ల ధ్రువం చూడడానికి మౌంట్‌లో ఉండే పోలార్ స్కోప్‌లో ఎంత జాగ్రత్తగా కుదిర్చినా కొంత తప్పు మిగులుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో వక్రీభవనాన్ని లెక్కలోకి తీసుకునే వీలుంటే దాన్ని తప్పకుండా వాడండి.

ధ్రువ నక్షత్రం కనిపించనివారికి రెండు దారులు. ఒకటి, ఫొటోలు తీయించే ఎన్‌ఐఎన్‌ఏ సాఫ్ట్‌వేర్‌కు ఉచితంగా దొరికే మూడు బిందువుల సవరింపు. ఆకాశంలో కనిపించే ఏ భాగంలోనైనా మూడు ఫొటోలు తీసి, తప్పు ఎంతో, ఎటో అది చెబుతుంది. మీరు బోల్టులు తిప్పుతుంటే అంకె మారుతూ కనిపిస్తుంది. రెండోది పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి, పిహెచ్‌డి2లోనే ఉంది. మెరిడియన్ దగ్గర, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఉండే గీత) దగ్గర ఉన్న చుక్కను పెట్టి, డెక్ గీత ఎక్కడం, దిగడం ఆగేదాకా పక్క బోల్టులు తిప్పండి. తర్వాత తూర్పున గానీ పడమరన గానీ 30 డిగ్రీల ఎత్తున్న చుక్కను పెట్టి, ఎత్తు బోల్టు తిప్పండి. గంట పట్టవచ్చు. కానీ ఇది గాలిపొరకూ అపార్ట్‌మెంటుకూ మోసపోదు.

ఎత్తు బోల్టు విషయంలో చివరి తిప్పుడు ఎప్పుడూ బరువును పైకి ఎత్తే వైపుకే ఉండాలి. కిందికి దించి వదిలేస్తే మౌంట్ అర్ధరాత్రి ఇంకాస్త దిగుతుంది. మన అక్షాంశంలో ఆర్‌ఏ అక్షం దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి, బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుందేమో పగలే ఒకసారి తిప్పి చూసుకోండి. తగిలేటట్టు ఉంటే మౌంట్ కింద పొడిగింపు స్తంభం పెట్టాలి.

తప్పు ఎంత ఉంటే పరవాలేదు? 5 కళల తప్పు ఉంటే డెక్‌లో జారుడు మహా అయితే నిమిషానికి 1.3 వికలలు. గైడింగ్ దాన్ని సులువుగా మోస్తుంది. ఇంతకన్నా చాలా ఎక్కువైతే గైడ్ నక్షత్రం చుట్టూ బొమ్మ మెల్లగా తిరుగుతుంది. దానికి గైడింగ్ దగ్గర మందు లేదు. 2, 3 కళలకు వచ్చాక ఆపేయండి. సున్నా కోసం పాకులాడవద్దు. ఆ మిగిలిన కాస్త తప్పు కూడా పనికొస్తుంది, ఎలాగో తర్వాత చెబుతాను.

నాలుగో అడుగు: గైడ్ కెమెరాను సిద్ధం చేయడం

గైడ్ స్కోప్ ఫోకస్‌ను పగలు దూరపు సెల్ టవర్ మీద సుమారుగా కుదిర్చి, రాత్రి చుక్క మీద పూర్తి చేయండి. పిహెచ్‌డి2లో స్టార్ ప్రొఫైల్ తెరిస్తే చుక్క వెడల్పును చెప్పే హెచ్‌ఎఫ్‌డి అనే అంకె కనిపిస్తుంది. అది వీలైనంత తక్కువగా ఉన్న చోట ఫోకస్‌ను బిగించేయండి. కావాలని మసకగా ఉంచితే మంచిదని పాత సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి, మసకబారిన కొద్దీ మందమైన చుక్కలు చేయి జారిపోతాయి.

మొదటిసారి ప్రొఫైల్ చేసేటప్పుడు గైడ్ స్కోప్ ఫోకల్ లెంగ్త్, పిక్సెల్ సైజు సరిగ్గా ఇవ్వండి. ఇక్కడ ప్రధాన టెలిస్కోప్ అంకె వేసేసినవారి గ్రాఫ్ చూడముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి తప్పూ మూడున్నర రెట్లు తక్కువ చేసి చూపిస్తుంది.

తర్వాత గైడ్ స్కోప్‌కు మూత పెట్టి డార్క్ లైబ్రరీ, అంటే కెమెరా మచ్చలను తీసేయడానికి వాడే చీకటి ఫొటోలు, తీయండి. ఇది మానేసి నేను ఒక రాత్రి నవ్వులపాలయ్యాను. గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది, ఆర్‌ఎంఎస్ 0.1. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఫొటోలో మాత్రం చుక్కలు గీతలు. సాఫ్ట్‌వేర్ అంతసేపూ పట్టుకున్నది నక్షత్రాన్ని కాదు, కెమెరాలోని ఒక వేడి పిక్సెల్‌ను! అది ఎక్కడికీ కదలదు కదా. మన వాతావరణంలో వేసవికీ శీతాకాలానికీ కెమెరా వేడిలో చాలా తేడా ఉంటుంది కాబట్టి రెండు కాలాలకూ వేర్వేరు డార్క్‌లు తీసి ఉంచుకోండి.

చుక్కను మీరే ఎంచవద్దు, సాఫ్ట్‌వేర్‌ను ఎంచనివ్వండి. మనం తళతళలాడేదాన్ని చూసి మోజుపడతాం. అది కెమెరా పట్టగల వెలుగు మించి నడుమ చదునైపోతుంది, నడిబొడ్డు ఎక్కడో తెలియదు. ఒకేసారి పలు నక్షత్రాలను చూసే మల్టీస్టార్ సదుపాయాన్ని తప్పక పెట్టండి. ఒక్కో చుక్క ఒక్కో రకంగా వణుకుతుంది, అన్నిటినీ కలిపి చూస్తే వణుకు చాలావరకు చల్లారుతుంది.

మౌంట్‌ను కంప్యూటర్‌కు నేరుగా కలపగలిగితే, మౌంట్‌తో మాట్లాడే ఏఎస్‌సీఓఎం గానీ ఐఎన్‌డీఐ గానీ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా పల్స్ గైడింగ్ వాడండి. గైడ్ కెమెరా నుంచి మౌంట్‌కు వేసే ఎస్‌టీ-4 తీగ కూడా పని చేస్తుంది. కానీ అప్పుడు టెలిస్కోప్ ఆకాశంలో ఎటు చూస్తోందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. దిక్కు మార్చిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ మళ్ళీ చేయాలి.

అయిదో అడుగు: క్యాలిబ్రేషన్

మౌంట్‌ను ఎటు నెడితే చుక్క కెమెరాలో ఎటు, ఎంత జరుగుతుందో సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పాఠం ఇది. పాఠం తప్పితే ఆ రాత్రంతా తప్పే. దీన్ని ఖగోళ మధ్యరేఖ దగ్గర, మెరిడియన్‌కు కాస్త ఇటో అటో, నడినెత్తికి దగ్గరలో చేయాలి. ఇక్కడ మనకు అదృష్టం కలిసొస్తుంది: హైదరాబాద్ నుంచి ఖగోళ మధ్యరేఖ దక్షిణాన 72 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. గాలి నిలకడగా ఉండే చోటు అది. జనవరి చివరి వారంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఓరియన్ నడుము మీది మూడు చుక్కల్లో మింటకా అక్కడే ఉంటుంది. మధ్యరేఖకు మూడో వంతు డిగ్రీ కూడా దూరం లేదు.

మౌంట్ గైడ్ వేగం రెండు అక్షాలకూ 0.5 ఉంచండి, అంటే ఆకాశ వేగంలో సగం. ఒక్కో దిక్కుకు డజను అడుగుల్లో పాఠం పూర్తయ్యేలా అడుగు నిడివి ఉండాలి. మన అమరికకు 25 పిక్సెళ్ళ దూరం అంటే 160 వికలలు; డజను అడుగులంటే ఒక్కోటి 13 వికలల పైచిలుకు; సెకనుకు 7.5 వికలల వేగంతో అది సుమారు 1,800 మిల్లీసెకన్లు. ఈ లెక్క వేసే సాధనం పిహెచ్‌డి2లోనే ఉంది. మూడు నాలుగు అడుగుల్లోనే అయిపోతే ఆ పాఠాన్ని నమ్మవద్దు.

మొదలుపెట్టే ముందు మౌంట్‌ను కాస్త దూరం ఉత్తరానికి నడిపి ఆపండి, డెక్ పళ్ళ మధ్య ఖాళీ నిండుతుంది. పూర్తయ్యాక వచ్చే చిత్రంలో రెండు గీతలు ఒకదానికొకటి నిట్టనిలువుగా ఉన్నాయా లేదా చూడండి. 90 డిగ్రీల నుంచి పది డిగ్రీలకు మించి తప్పితే మళ్ళీ చేయండి. బాగా వస్తే దాన్ని దాచుకోండి. గైడ్ కెమెరాను తిప్పనంతవరకు, పల్స్ గైడింగ్ వాడుతున్నంతవరకు అదే వారాల తరబడి పనికొస్తుంది.

ఆరో అడుగు: ఇప్పుడు అంకెలు

ముందు గైడింగ్ అసిస్టెంట్ నడపండి. అది సరిదిద్దడం ఆపేసి, చుక్క తన మానాన తాను ఎలా కదులుతోందో చూస్తుంది. రెండు నిమిషాలు చాలని చెబుతుంది గానీ, మీరు ఒక వార్మ్ చుట్టు పూర్తయ్యేదాకా, అంటే హెచ్‌ఈక్యూ5కు పదకొండు నిమిషాలు, ఉండనివ్వండి. గాలి వణుకు ఎంత, ధ్రువం తప్పు ఎంత, డెక్‌లో బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఖాళీ) ఎంత, అన్నీ తేలతాయి. అది సూచించిన మినిమమ్ మూవ్ అంకెలను ఒప్పుకోండి. ఆ మాత్రం కదలికను పట్టించుకోవద్దని చెప్పడం అది.

గైడ్ ఎక్స్‌పోజర్ 2 సెకన్లతో మొదలుపెట్టండి. గాలి బాగా వణికే రాత్రి 3 లేదా 4కు పెంచండి. అర సెకను పెడితే గాలి వణుకు వెంట మౌంట్‌ను పరిగెత్తించడమే అవుతుంది. మౌంట్ అక్కడికి చేరేసరికి చుక్క ఇంకో చోట ఉంటుంది. హార్మోనిక్ డ్రైవ్ మౌంట్లు మాత్రం వేరే జాతి. వాటికి బ్యాక్‌లాష్ ఉండదు గానీ పీరియాడిక్ ఎర్రర్ పెద్దది, వేగంగా మారుతుంది. వాటికి సెకను, అంతకన్నా తక్కువే కావాలి.

మిగతావి ముట్టుకోవద్దు. ఆర్‌ఏకు హిస్టెరిసిస్ పద్ధతి, 70 శాతం ఎగ్రెసివ్‌నెస్ (కనిపించిన తప్పులో ఎంత వంతు దిద్దాలో చెప్పే అంకె). డెక్‌కు రెసిస్ట్ స్విచ్. ఇవి సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవే, తొంభై పాళ్ళు ఇవే సరిపోతాయి. ఆర్‌ఏలో వార్మ్ అల మిగిలిపోతుంటే ప్రిడిక్టివ్ పీఈసీ పద్ధతికి మారి చూడండి. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు రూపొందించిన పద్ధతి అది. మీ మౌంట్ వంకరను నేర్చుకుని, తప్పు రాకముందే సరిదిద్దుతుంది. నేర్చుకోవడానికి ఒకటి రెండు చుట్ల సమయం ఇవ్వాలి. ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి: ఒకసారికి ఒక్క అంకె, మార్చాక పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి.

గ్రాఫ్ ఏమంటోంది

ప్రతి ఎక్స్‌పోజర్‌కూ గీత రంపపు పళ్ళలా అటొకసారి ఇటొకసారి పడుతుంటే, సాఫ్ట్‌వేర్ అతిగా దిద్దుతోందని అర్థం. ఎగ్రెసివ్‌నెస్ తగ్గించండి, లేదా ఎక్స్‌పోజర్ పెంచండి.

రెండు గీతలూ ఒకేసారి ఎగిరిపడి మళ్ళీ సర్దుకుంటే అది గాలి, తీగ, లేదా అటు నడిచిన మనిషి. ఏ అంకె మార్చినా పోదు.

డెక్ గీత ఒకవైపే ఉండిపోయి, ఎన్ని పల్స్‌లు ఇచ్చినా కదలకుండా మొండికేసి, ఉన్నట్టుండి రెండో వైపుకు దూకితే అది బ్యాక్‌లాష్. దిక్కు మారినప్పుడు పళ్ళ మధ్య ఖాళీ నిండేదాకా మోటారు ఊరికే తిరుగుతుంది. ధ్రువంలో మిగిల్చిన ఆ కాస్త తప్పు ఇక్కడ ఆదుకుంటుంది. దాని వల్ల డెక్ ఎప్పుడూ ఒకవైపే జారుతుంది కదా. ఆ జారుడు ఉత్తరానికైతే దక్షిణానికి మాత్రమే దిద్దమని చెప్పండి. దిక్కు మారే అవసరమే రాకపోతే బ్యాక్‌లాష్ ఎంతున్నా ఏమి? మెరిడియన్ దాటాక మాత్రం ఏ వైపు జారుతోందో మళ్ళీ చూసి, అవసరమైతే దిక్కు మార్చుకోవాలి. బ్యాక్‌లాష్ మరీ సెకన్ల కొద్దీ ఉంటే వార్మ్ బిగింపు సరిచేయించాలి. తెలియకుండా మీరే మర తిప్పి అతిగా బిగిస్తే మౌంట్ బిగుసుకుపోతుంది.

చుక్క క్రమంగా మసకబారుతూ పోతే మబ్బును తిట్టే ముందు గైడ్ స్కోప్ అద్దాన్ని టార్చ్ వేసి చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో పొలాల మధ్య మంచు ముందు చిన్న అద్దం మీదే పడుతుంది. ప్రధాన టెలిస్కోప్‌కు వేడి పట్టీ చుట్టి గైడ్ స్కోప్‌ను మరచిపోవడం అందరూ చేసే పొరపాటే.

ఫొటోల మధ్య డిథరింగ్, అంటే కావాలని కొన్ని పిక్సెళ్ళు జరపడం, మానవద్దు. అది లేకపోతే పేర్చిన బొమ్మలో మచ్చలు చారలు కడతాయి. అయితే జరిపాక చుక్క కుదురుకుందని ఒప్పుకునే హద్దు గైడ్ పిక్సెళ్ళలో ఉంటుంది. చాలా ప్రొఫైళ్ళలో అది 1.5 ఉంటుంది. మన గైడ్ స్కోప్‌కు 1.5 పిక్సెల్ అంటే దాదాపు 10 వికలలు! కుదురుకోకముందే షట్టర్ తెరుచుకుంటుంది. 0.3కు తగ్గించండి.

గ్రాఫ్ బాగుంది, బొమ్మ బాగాలేదు

మళ్ళీ మొదటి బియ్యపు గింజల దగ్గరికి వద్దాం. గ్రాఫ్ చెప్పేది గైడ్ కెమెరాలోని చుక్క కథ మాత్రమే. గైడ్ స్కోప్, ప్రధాన టెలిస్కోప్ ఒకదానితో ఒకటి పోలిస్తే పిసరంత వంగుతూ పోతే, గైడ్ చుక్క కదలదు, బొమ్మలో చుక్కలు మాత్రం సాగుతాయి. దీన్ని డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటారు.

పట్టుకోవడం ఇలా. డిథరింగ్ ఆపేసి, మెరిడియన్ దాటకుండా, గంటసేపు గైడింగ్‌తో వరసగా ఫొటోలు తీయండి. మొదటి ఫొటోలో, చివరి ఫొటోలో ఒకే నక్షత్రం ఏ పిక్సెల్ మీద ఉందో రాసుకోండి. తేడాను ఫొటోల సంఖ్యతో భాగించండి. ఒక్కో ఫొటోకు అర పిక్సెల్ లోపు ఉంటే నిశ్చింత. రెండు మూడు పిక్సెళ్ళు ఉంటే, అన్ని చుక్కలూ ఒకే వైపుకు సాగితే, దొంగ ఇనుములోనే ఉన్నాడు. చుక్కలు ఒక బిందువు చుట్టూ చాపాల్లా వంగితే అది ధ్రువం తప్పు, మూడో అడుగుకు వెళ్ళండి.

ఇనుములో వెతకవలసిన వరస: గైడ్ స్కోప్ రింగులు, అవి కూర్చున్న అడ్డపట్టీ, గైడ్ కెమెరాను పట్టే మర, ప్రధాన ఫోకసర్ బిగింపు. ఫోకసర్‌ను చివరిగా చెప్పాను గానీ బరువైన కెమెరా వేలాడేది దానికే. ఇవన్నీ బిగించినా తగ్గకపోతే, లేదా మీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ వెయ్యి మిల్లీమీటర్లు దాటితే, గైడ్ స్కోప్ తీసేసి ఆఫ్-యాక్సిస్ గైడర్ పెట్టండి. ప్రధాన టెలిస్కోప్ వెలుగులోంచే ఒక చిన్న పట్టకం అంచు వెలుగును గైడ్ కెమెరాకు మళ్ళిస్తుంది కాబట్టి రెండింటి మధ్య వంపు అనే ప్రశ్నే రాదు. ష్మిడ్ట్-కాసెగ్రెయిన్ అనే అద్దాల టెలిస్కోప్‌లో అద్దం జరిగినా గైడ్ చుక్క కూడా దానితోపాటే జరుగుతుంది. ఇబ్బంది అల్లా దాన్ని ఫోకస్‌కు తేవడమే. ఆ పనిని రాత్రికి వాయిదా వేయకండి. పగలు సెల్ టవర్ మీద ప్రధాన కెమెరాను ఫోకస్ చేసి, గైడ్ కెమెరాలోనూ అదే టవర్ స్పష్టంగా వచ్చేదాకా మధ్య రింగులు మార్చి, ఆ కొలతను పెన్నుతో ట్యూబు మీదే రాసి పెట్టుకోండి.